సవరణ: పుట్టగొడుగు మొక్క కాదు

నాలుగో తరగతి పిల్లల కోసం మొన్న రాసిన ఆహారపు గొలుసు పాఠంలో గడ్డి, వేపచెట్టుతో పాటు పుట్టగొడుగును కూడా ఉత్పత్తిదారుల్లో, అంటే తమ ఆహారం తామే తయారు చేసుకునేవాటిలో చేర్చాను. అది తప్పు. పుట్టగొడుగు శిలీంధ్రం. దానిలో పత్రహరితం ఉండదు కాబట్టి ఎండతో ఆహారం తయారు చేసుకోలేదు. అడుగున మడతలు విప్పి చూసినా ఆకుపచ్చ కనిపించదు. కుళ్లే ఆకులు, కట్టెలే దాని తిండి. దాన్ని విచ్ఛిన్నకారుల్లో, అంటే చచ్చినవాటిని కుళ్లబెట్టి బతికేవాటిలో రాయించండి.

వానలకు పుట్టల మీద మొలిచే రకం సంగతి మరీ ముచ్చటగా ఉంటుంది. చెదపురుగులు ఎండుపుల్లలు, ఆకులు తిని, సగం అరిగిన ఆ పదార్థంతోనే లోపల స్పాంజిలాంటి గూడు కడతాయి. దానిమీద తెల్లటి శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి. మనకు పైన కనిపించే గొడుగు దానిదే.

ఇప్పటికే నోట్సు రాయించినవాళ్లు దయచేసి దిద్దించండి. నావల్ల పిల్లలు తప్పు నేర్చుకున్నందుకు బాధగా ఉంది.