ఎల్క్‌కి వినిపించినంత మాత్రాన రాదు

"ఎల్క్ చెవికి మైళ్ల దూరం వినిపిస్తుంది. గట్టిగా బ్యూగిల్ ఊదండి, బుల్ నేరుగా విల్లు ముందుకొచ్చి నిలబడుతుంది." సెప్టెంబర్‌లో అమెరికాలోని కొలరాడో, మోంటానా కొండలకు విల్లుతో వేటకెళ్లేవాళ్లలో ఈ మాట తెగ తిరుగుతోంది. ఎల్క్ అంటే అక్కడి పెద్ద జింక, బుల్ అంటే దాని మగది, బ్యూగిల్ అంటే ఆ మగది పెట్టే కేక; వేటగాళ్లు దాన్ని ట్యూబ్‌తో ఊది అనుకరిస్తారు.

మైళ్ల దూరమా? గాలి లేని తెల్లవారుజామున, లోయకి అటు గట్టు నుంచి ఇటు గట్టుకైతే ఒప్పుకోవచ్చు. దట్టమైన స్ప్రూస్ చెట్లలో కుదరదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది, అంటే 100 మీటర్ల దగ్గర ఉన్నది 800కి చేరేసరికి 18 తగ్గుతుంది. గాలి మింగేది దీనికి అదనం: 10 డిగ్రీల చలి, 70 శాతం తేమలో 500 హెర్ట్జ్ బొంగురు స్వరం కిలోమీటరుకు 2 డెసిబెల్స్ పోగొట్టుకుంటే, 4,000 హెర్ట్జ్ కీచు స్వరం 30కి పైనే పోగొట్టుకుంటుంది. పైగా మన వాసన అందకూడదని గాలి మన ముఖానికి కొట్టేలా నిలబడతాం. అంటే మన పిలుపు ఎప్పుడూ ఎదురుగాలిలోనే వెళ్లాలి, ఎదురుగాలిలో శబ్దం పైకి వంగిపోతుంది.

గట్టిగా ఊదితే వస్తుందా? ఆడమంద వెంట ఉన్న బుల్ దూరం నుంచి బదులు పలుకుతుంది, ఆ తర్వాత చాలాసార్లు మందను తోలుకుని గట్టు దాటేస్తుంది. బదులు వినపడగానే గాలి చూసుకుని 150 మీటర్ల లోపుకి వెళ్లండి, కౌ కాల్ (ఆడ ఎల్క్ పిలుపు) అక్కడ మొదలుపెట్టండి, అదీ మెల్లగా.

అసలు దెబ్బ "విల్లు ముందుకొస్తుంది" అన్న మాట దగ్గరుంది. ఎల్క్ రెండు చెవులూ దేనికది తిరుగుతాయి, పిలుపు ఏ చెట్టు దగ్గర నుంచి వచ్చిందో దాదాపు కచ్చితంగా పట్టేస్తుంది. ఆ చోటు కంటికి ఆనేదాకా వచ్చి, 60–80 మీటర్లలో ఆగి చూస్తుంది. ఆడది కనపడకపోతే వెనక్కే. అందుకే పిలిచేవాడు విలుకాడికి 30–50 మీటర్లు వెనక ఉండాలి. బుల్ వాసన కోసం గాలివాటు వైపు చుట్టి వస్తుంది కాబట్టి విలుకాడు కాస్త ఆ పక్కకి జరగాలి. ఒక్కరే ఉంటే గట్టు అంచుకి కొంచెం కిందగా, బుల్ 30 మీటర్లకి వస్తే తప్ప కనపడని చోటు చూసుకోండి. ట్యూబ్ మూతి వెనక్కి తిప్పి పిలిచి, వెంటనే 10–15 మీటర్లు ముందుకి జరగండి.

"దగ్గరికెళ్తే అడుగుల చప్పుడుకే పారిపోతుంది" అనేది ఇంకో మాట. ఎల్క్ కూడా పుల్లలు విరుస్తూనే నడుస్తుంది. నాలుగడుగులు వేసి ఆగుతూ వెళ్తే చాలు. బెదరగొట్టేది వెల్‌క్రో పట్టీ లాగినప్పటి చిరుగు చప్పుడు, రెస్ట్‌కి (విల్లు మీద బాణం ఆనే చోటు) బాణం తగిలే టిక్కు. ఎల్క్ చుట్టం తెల్లతోక జింక మీద చేసిన పరీక్షల్లో వినికిడి బాగా పదునుగా తేలింది 4,000–8,000 హెర్ట్జ్ ప్రాంతంలో. దూరాన కరిగిపోయే ఆ కీచు స్వరాలు 40 మీటర్లలో దాదాపు చెక్కుచెదరకుండా చేరతాయి. రెస్ట్‌కీ, దాని కింద బాణం జారిపడే చోటుకీ ముందే ఫెల్ట్ (మెత్తటి మందపాటి గుడ్డ) అంటించుకోండి.