పూజారి లేని సిరిమాను

టీవీ కంపెనీలకు మన కళ్ల మీద ఉన్న శ్రద్ధ గురించి పత్రికల్లో రావలసినంత రాలేదు. కంప్యూటరు తెచ్చి టీవీకి తగిలించిన మరుక్షణం, చాలా ఇళ్లలో, టీవీ బొమ్మకి నాలుగు వైపులా అంచు కోసేస్తుంది. నిండు బొమ్మ చూస్తే దిష్టి తగులుతుందని కాబోలు. కోసిన ముక్క ఎక్కడ దాస్తుందో మనం అడక్కూడదు. మనం డబ్బిచ్చి కొన్నవాళ్లం, అంతే.

లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీ తెరంటే అడ్డంగా 1920 చుక్కలు (పిక్సెళ్లు), నిలువునా 1080. వైపుకి 5 శాతం చొప్పున కోస్తే పైన 54 వరుసలు, కింద 54 వరుసలు గల్లంతు. విండోస్ 10లో తెర అడుగునుండే పట్టీ, అదే టాస్క్‌బార్, ఎత్తు మామూలుగా 40 వరుసలు. అంటే స్టార్ట్ బటనూ గడియారమూ మొత్తంగా చట్రం అవతలికి పోయాయి. పై మూలనున్న ఇంటూ గుర్తుదీ అదే దారి, కాబట్టి తెరిచినవాడు మూయలేడు. విస్తీర్ణంలో చూస్తే 100కి 81 వంతులే మిగిలింది. బిల్లు మాత్రం ఏ మూలా కోయకుండా, జీఎస్టీతో సహా ఇచ్చారు.

దీనికో చరిత్ర ఉంది. డబ్బా టీవీల కాలంలో పిక్చర్ ట్యూబులో అంచులు నిలకడగా ఉండేవి కావు. వేసవి సాయంత్రాల్లో ఓల్టేజీ పడిపోతే బొమ్మ ముడుచుకుపోయి చుట్టూ నల్ల పట్టీలు తేలేవి, స్టెబిలైజరు టక్కుమన్నాక మళ్లీ ఉబ్బేది. మీకు గుర్తుండే ఉంటుంది. అందుకని బొమ్మని చట్రం కంటే కాస్త పెద్దగా వేసి, చెడిన అంచుని వెనక్కి నెట్టేవారు. దాని పేరే ఓవర్‌స్కాన్. టీవీ స్టేషన్లవాళ్లు కూడా అది తెలిసి అక్షరాలని అంచుకి ఎడంగా వేసేవారు. బాగానే ఉంది. మరి ఇప్పటి ఎల్‌సీడీ తెరలో ప్రతి చుక్కకీ సొంత చోటుంది. ఓల్టేజీ పడితే టీవీ ఆరిపోతుంది గానీ బొమ్మ ముడుచుకోదు. డబ్బా టీవీ పాతసామాన్ల బండెక్కి వెళ్లిపోయింది; దాని రోగానికి రాసిన మందు మాత్రం మనం ఇంకా మింగుతున్నాం.

విజయనగరం కంటోన్మెంటులో మా పెదనాన్నగారింట్లో సిరిమానోత్సవం వీడియో చూద్దామనుకున్నారు. పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పైడితల్లి అమ్మవారి జాతర అది. దసరా వెళ్లిన మంగళవారం మా తమ్ముడు ఒక మేడెక్కి ఫోన్లో తీసింది. మాను కొసన కూర్చున్న పూజారి సరిగ్గా బొమ్మ పై అంచుకి వచ్చేలా తీశాడు. లాప్‌టాప్‌లోంచి టీవీలో వేశారు. మాను వస్తోంది. జనం చేతులెత్తి మొక్కుతున్నారు. అరటిపళ్లు పైకి విసురుతున్నారు. అవి పైకెళ్లి, చట్రం దగ్గర మాయమైపోతున్నాయి.

“ఏటర్రా ఇది, పూజారేడీ? మాను ఉత్తినే వచ్చేస్తన్నాది!” అంది పెద్దమ్మ.

పెదనాన్న కుర్చీ దిగి నేల మీద కూర్చుని, మెడ వెనక్కి వాల్చి, చట్రం చాటున ఉన్నాడేమోనని కింద నుంచి పైకి తొంగిచూశారు. పెద్దమ్మకి అంత అనుమానం లేదు, టీవీ నెత్తికే దణ్ణం పెట్టేసింది. గుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరుగుతుంది కదా, మూడో తిరుగుడుకైనా కనిపిస్తాడని ఇల్లంతా కదలకుండా కూర్చుంది. ఈలోగా ఊరేగింపులోని బెస్తవారి వల సగం, తెల్ల ఏనుగు తొండం కొస కూడా చట్రానికి మొక్కుబడి చెల్లించేశాయి.

మెకానిక్కుని పిలిచారు.

“కేబులండి. పాత వెర్షను. మార్చీయాల.”

మార్చేశాడు. పూజారి రాలేదు.

“అయితే మీ లాప్‌టాప్పే బావూ.” రిజల్యూషను తగ్గించాడు. అక్షరాలు అలుక్కుపోయాయి. పూజారి రాలేదు.

“ప్యానెలు పోనాదండి. బాగుచేసేకన్నా కొత్తది కొనీసుకోండి.”

విజిటింగ్ ఛార్జీ, కేబులు డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు.

పోయింది ప్యానెలు కాదు. రిమోట్ తీసి పిక్చర్ మెనూలో ఆస్పెక్ట్ రేషియో గానీ పిక్చర్ సైజు గానీ తెరిస్తే ఓవర్‌స్కాన్ ఆపే మీట అక్కడే ఉంటుంది, కాకపోతే మారువేషంలో. ఎల్‌జీలో ‘జస్ట్ స్కాన్’, శామ్‌సంగ్‌లో ‘స్క్రీన్ ఫిట్’, సోనీలో ‘ఫుల్ పిక్సెల్’, షార్ప్‌లో ‘డాట్ బై డాట్’. కొన్ని టీవీల్లో కంప్యూటరు కేబులు దూర్చిన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి ‘పీసీ’ అని నామకరణం జరిపిస్తే తప్ప బొమ్మ నిండుగా దర్శనమివ్వదు. చాలావాటిలో ఒక పోర్టుకి మార్చింది పక్క పోర్టుకి వర్తించదు. టీవీలో ఏదీ దొరక్కపోతే కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులున్నాయి: ఏఎమ్‌డీలో హెచ్‌డీఎంఐ స్కేలింగ్, ఎన్‌విడియాలో డెస్క్‌టాప్ సైజు సర్దుబాటు. అయితే అది బొమ్మని ముందే కుదించి పంపడం. టీవీ మళ్లీ సాగదీస్తుంది, అక్షరం పదును పోతుంది. గత్యంతరం లేనప్పుడే అటు వెళ్లండి. మా ఇంట్లో ఆ మీట నొక్కగానే పూజారి ప్రత్యక్షమయ్యాడు, గాలిలో అరటిపళ్లతో సహా.

ఇంతవరకూ నవ్వుకున్నాం. గజపతినగరం అవతల ఒక బడిలో లెక్కల మాస్టారు లాప్‌టాప్ టీవీకి తగిలించి పాఠం చెప్పారు. ఎడమ అంచున –7 ఉంది. మైనస్‌ని టీవీ మింగేసింది. పిల్లలు 7 రాసుకున్నారు. ఇంటిలెక్క తప్పయింది. “తెర మీద ఉన్నదే రాశానండి” అన్న పిల్లకి “చూసి రాయడం కూడా రాదా” అని చీవాట్లు. ఏం చూసి రాయాలి ఆ పిల్ల? టీవీ కంపెనీవారూ, మీరు కోసేసిన దాన్నా? ఓవర్‌స్కాన్ వేసిన బొమ్మో కాదో చెప్పడానికి హెచ్‌డీఎంఐ సంకేతంలోనే చోటుంది. చూసుకోరు. ఓవర్‌స్కాన్‌ని ఫ్యాక్టరీలోనే ఆఫ్ చేసి పంపడానికి ఏం ఖర్చు? గోడకి ఎలా బిగించాలో బొమ్మలేసి మరీ పుస్తకం ఇస్తారే, ఈ మీట సంగతి ఒక్క వాక్యం అచ్చువేయడానికి సిరా కరువైందా? రెండు చేతులా డబ్బు తీసుకుని పిల్లల మైనస్ గుర్తులు కాజేయడానికి సిగ్గుండాలి.

ఈసారి మెకానిక్ వస్తే ముందు మంచినీళ్లివ్వండి, తరవాత రిమోట్ చేతికిచ్చి ఆస్పెక్ట్ రేషియో ఎక్కడుందో చూపించమనండి. “కేబులండి” అన్నాడా, గ్లాసు వెనక్కి తీసుకోండి.