కెంప్ దస్తావేజు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కెంప్ దస్తావేజు గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో స్కాట్లాండ్ దంపతులు పచ్చిక మైదానాలను పొలాలుగా మార్చిన వైనం చెప్పుకునే ప్రతిచోటా నాగలికి, గొర్రెలకు, ఇల్లాలి ఓర్పుకు దండలు పడుతున్నాయి గాని, ప్రభుత్వం తరఫున కెంప్ అనే అధికారి ఆ నేలను మావోరీల నుంచి కొన్న క్రయపత్రమైన తమరిని తలచేవారు కనిపించడం లేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దాలనే ఈ లేఖ.

జాన్ డీన్స్, ఆయన అన్న విలియం 1843లో పుటారింగమోటు అనే చోట సేద్యం మొదలుపెట్టి, దానికి ఎయిర్‌షైర్‌లోని తమ ఊరి పేరు రికార్టన్ అని పెట్టుకున్నారు. పేరు మార్చినా కౌలు ఎగ్గొట్టలేదు. 1846లో ఆ నేలకు యజమానులైన న్గాయ్ తహు అనే మావోరీ తెగ పెద్దలతో ఏడాదికి 8 పౌండ్లకు ఒప్పందం చేసుకున్నారు. నేలకు యజమానులున్నారని వలస వచ్చిన రైతుకు కూడా తెలుసునన్నమాట. ఈ ఇబ్బందికరమైన జ్ఞానాన్ని తొలగించడానికే తమరు 1848 జూన్ 12న అకరోవాలో అవతరించారు.

తమ చెక్కుబందీ ఎంత ఉదారమైనదో! సుమారు 1.35 కోట్ల ఎకరాలు, వెల 2,000 పౌండ్లు. నేను లెక్క వేసి చూశాను: ఒక్క పెన్నీకి 28 ఎకరాలు. తరువాత అక్కడికి వలసదారులను తరలించిన కాంటర్‌బరీ అసోసియేషన్ అనే సంస్థ వారు ఎకరా 3 పౌండ్లకు అమ్మారు. అంటే మొదట అమ్మిన ఆ తెగవారే తమకు ముట్టిన సొమ్మంతా పట్టుకుని తిరిగి కొనబోతే 667 ఎకరాలైనా పూర్తిగా వచ్చేవి కావు. ఆహారం సేకరించుకునే చోట్లు తమ తెగకే ఉండాలని వారు తమరిలో రాయించుకున్నారు కదా. అధికారులు మాత్రం దున్నిన మడి తప్ప తక్కినదేదీ ఆ లెక్కలోకి రాదన్నారు. వారు ఆహారానికి పట్టుకునే ఈల్ చేపలకు దున్నిన మళ్ళలో బతకడం రాకపోవడం వాటి తప్పే కాబోలు.

డీన్స్ దంపతుల కష్టాన్ని చులకన చేయను. 1853లో కొత్త కోడలిగా రికార్టన్‌లో అడుగుపెట్టిన జాన్ భార్య జేన్ మరుసటి ఏడాదికే భర్తను పోగొట్టుకుని, ఏడాది నిండని కొడుకును ఒళ్ళో పెట్టుకుని, వాడు పెద్దవాడయ్యే దాకా వ్యవసాయాన్ని నిలబెట్టింది. మిగిలిన అడవిని కొట్టవద్దన్న భర్త చివరి కోరికనూ 1911లో కన్నుమూసే వరకు కాపాడింది. 1914లో ఆ కుటుంబం 16 ఎకరాల కహికతియా చెట్ల తోపును క్రైస్ట్‌చర్చ్ ప్రజలకు దానమిచ్చింది. తోపుకు దాతలు దొరికారు సరే, ఆ తోపు నిలిచిన నేలను ఇచ్చినవారి పేర్లు మాత్రం తమ అడుగున ఉన్న సంతకాల్లో వెతుక్కోవాలి.

న్గాయ్ తహు తెగకు చెందిన మతియాహా తిరమోరెహు 1849లోనే తమపై ఫిర్యాదు రాశారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పి 17 కోట్ల డాలర్లతో పరిష్కారాన్ని చట్టం చేసింది 1998లో. మధ్యలో గడిచిన 149 ఏళ్ళకు ఎవరి ఖాతాలో ఎంత కౌలు జమ అయిందో, తీరిక చేసుకుని తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
హద్దులు చదవనిదే సంతకం పెట్టని ఒక తెలుగు పాఠకుడు