రాయనిది జరగనట్టేనా, కేస్ షీటు గారూ?

మహారాజశ్రీ కేస్ షీటు గారి దివ్యసముఖమునకు,

గుంటూరు కొత్తపేట నుంచి వార్డు సిస్టర్లు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మా కాళ్లు, నడుములు తప్ప తక్కినవన్నీ క్షేమం. తమరు కూడా క్లిప్పు ఊడకుండా, పేజీలు చిరగకుండా, మీద టీ గ్లాసు పెట్టినవాళ్ల వల్ల గుండ్రటి మచ్చలు పడకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాం.

తమరి రాజ్యంలో ఒకటే శాసనం: రాయనిది జరగనట్టే. నర్సింగులో చేరిన మొదటి ఏడాది నుంచే దీన్ని మాకు నూరిపోస్తారు. పూర్వం కరణం గారి అడంగల్‌లో ఎక్కని పొలం పొలమే కాదన్నట్టు, తమరిలో ఎక్కని ఇంజెక్షన్ ఇంజెక్షనే కాదు. ఒప్పుకున్నాం. రేపు కోర్టు అడిగినా, ఇన్సూరెన్స్ వాళ్లు అడిగినా చెల్లేది తమరి మాటే. అందుకే జ్వరం, బీపీ, ఎక్కిన సెలైన్, వచ్చిన మూత్రం, వేసిన మందు, వేసిన టైము అన్నింటికీ గళ్లు గీశారు. మేమూ నింపుతున్నాం.

ఒక్కటే సందేహం. మిర్చి యార్డులో దిగిన టిక్కీకి (మిర్చి బస్తాకు) కూడా ఎవరిది, ఎంత తూగింది, ఎవరు కొన్నారు అని చీటీ ఉంటుంది. మరి ఒక పేషెంటు చుట్టూ ల్యాబు, స్కానింగు, ఫార్మసీ, వంటగది, బ్లడ్ బ్యాంకు, ఆపరేషన్ థియేటరు, ఇన్సూరెన్స్ డెస్కు తిరుగుతుంటే, ఒకటి పోయి ఇంకోదాన్ని గుద్దుకోకుండా చూసే పనికి తమరిలో గడి ఏది? శాసనం ప్రకారం ఆ పని జరగనట్టే లెక్క. అది నిజంగానే జరక్కపోతే ఏమవుతుందో, వెళ్లి చూడటానికి తమరికి కాళ్లు లేవు కాబట్టి మేమే విన్నవించుకుంటాం.

12వ బెడ్ షుగర్ పేషెంటుతో మొదలుపెడదాం. తమరి ఒక పేజీలో 'టిఫిన్‌కు అరగంట ముందు రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు' అని ఉంది. ఇంకో పేజీలో, ఇంకో సిరాతో, 'కడుపు స్కానింగు, ఖాళీ కడుపున' అని ఉంది. రెండూ సరైన ఆర్డర్లే. రెంటి కిందా సంతకాలున్నాయి. కాకపోతే ఆ రెండు పేజీలకూ మాటల్లేవు. గడి చెప్పినట్టు పోతే ఏడున్నరకు సూది పడుతుంది. ఎనిమిదికి స్కానింగు వాళ్లు పేషెంటును పంపండి, ఏమీ పెట్టొద్దు అంటారు. అక్కడ ముందు ఆరుగురు కూర్చుని ఉంటారు. తొమ్మిదయ్యేసరికి చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. షుగర్ 70 కిందకు జారిపోయిందని ఆ వరండా బల్ల మీద ఎవరికీ తట్టదు, పొద్దుట్నుంచీ తినలేదు కదా నీరసం అనుకుంటారు.

అందుకని సిస్టర్ సూది ముట్టుకునే ముందే ఫోన్ ముట్టుకుంటుంది. షుగర్ పేషెంటు అని చెప్పి స్కానింగులో మొదటి వరుస అడుగుతుంది. డ్యూటీ డాక్టరుతో మాట్లాడి ఇన్సులిన్‌ను స్కాను తర్వాతకు జరిపిస్తుంది. వంటగదికి చెప్పి ఇడ్లీ ప్లేటు ఒకటి పక్కన పెట్టిస్తుంది. ఇంత చేస్తే తమరిలో మిగిలేది ఒక్క ముక్క: 'ఇన్సులిన్ ఇవ్వడమైనది, 9.10'. ఆడిట్‌కు వచ్చినవారు లేటెందుకు అయిందని దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పోతారు.

ఇక తమరి ఒళ్లో కూర్చుని రాసే పెద్దల సంగతి. ఫిజీషియన్ గారు పొద్దున వచ్చి సెలైన్ గంటకు 100 ఎంఎల్ అని రాస్తారు. మధ్యాహ్నం కిడ్నీ డాక్టరు గారు వచ్చి, పేజీ తిప్పి, రోజు మొత్తానికి లీటరు దాటకూడదు అని రాస్తారు. గంటకు 100 అంటే ఇరవై నాలుగు గంటలకు 2400. ఒకరి రాత ఒకరు చదవలేదు. (చదవగలిగే రాత కూడా కాదు, దానికి విడిగా ఇంకో ఉత్తరం రాసుకుంటాం.) ఇద్దరి రాతా చదివేది, చదివి బెడ్డు దగ్గర సెలైన్ చుక్కలు లెక్కపెట్టేది ఒక్క సిస్టరే. అప్పుడు ఫోన్ చేసి, 'సార్, వందచొప్పున పోతే రోజుకు 2400 అవుతుంది, కిడ్నీ సార్ లీటరే అన్నారు, ఏది కంటిన్యూ చేయమంటారు?' అని అడగాలి. తప్పు అనే మాట వాడకుండా తప్పు ఎక్కడుందో చెప్పాలి. ఈ విద్యకు సిలబస్ లేదు, ప్రాక్టికల్స్ మాత్రం రోజూ ఉంటాయి.

అర్ధరాత్రి ఫోనుకైతే ఒక పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళం వాళ్ల అణు జలాంతర్గాముల్లోంచి ఆసుపత్రుల్లోకి వచ్చిన పద్ధతి అది. నాలుగు ముక్కలు: ఇప్పుడేమైంది, వెనక కథేమిటి, చూస్తే ఏమనిపిస్తోంది, ఏం కావాలి. '7వ బెడ్ ఆయాసపడుతున్నాడు సార్' అంటే అవతలి నుంచి 'చూద్దాంలే' అని వస్తుంది. 'సార్, 7వ బెడ్, 62 ఏళ్లు, పది నిమిషాలుగా ఆయాసం. గుండె బలహీనతతో నిన్న చేరారు. ఆక్సిజన్ 86, ఊపిరి నిమిషానికి 32, బీపీ 170/100. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమో అనిపిస్తోంది. కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టాం, మీరు వెంటనే రావాలి' అంటే లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వస్తారు. ఫోన్లో చెప్పిన డోసును తిరిగి చదివి వినిపించడం కూడా అందులో భాగమే. నిద్రమత్తు గొంతులో ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ తేడా ఉండదు. 'ఒకటి, ఐదు... పదిహేనే కదా సార్' అని అడిగితే విసుక్కుంటారు. విసుక్కున్నా ఫర్వాలేదు, యాభై వేయడం కన్నా నయం. తమరిలో ఇదంతా 'డాక్టరు గారికి తెలియపరచడమైనది' అని ఒక్క లైనుగా కూర్చుంటుంది.

'సీటీ, కాంట్రాస్ట్‌తో', అంటే నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాను, అని రెండు మాటలు రాయించుకుని తమరు మూసుకుంటారు. ఆ రెండు మాటలకు ఇక్కడ ఎంత తతంగమో చూడండి. చేతికి నీలం రంగు కాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) ఉంటే స్కానింగు గుమ్మం నుంచే వెనక్కి పంపేస్తారు. అది 22 గేజ్, సన్నం. మిషన్ మందును వేగంగా నెడితే తట్టుకోదు, నరం పగిలి చెయ్యి ఉబ్బుతుంది. పింక్ 20 గానీ, ఆకుపచ్చ 18 గానీ మోచేతి మడత దగ్గర ఉండాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చేతిలో ఉండాలి. షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా, ఇంతకుముందు ఇలాంటి మందుకు దద్దుర్లు వచ్చాయా అని ముందే అడిగి పెట్టుకోవాలి. సంతకం పెట్టాల్సిన కొడుకు సరిగ్గా అప్పుడే టీకి వెళ్తాడు. వీటిలో ఒక్కటి తక్కువైనా స్ట్రెచరు వెనక్కి వస్తుంది, వరుస పోతుంది, స్కాను రేపటికి పడుతుంది, ఆపరేషన్ ఎల్లుండికి.

ఎమ్మారై అయితే ఇంకో పురాణం. ఆ గదిలోకి స్టీలు ఆక్సిజన్ సిలిండరు తీసుకెళ్లకూడదు, అయస్కాంతం దాన్ని లాగి పేషెంటు మీదకు విసురుతుంది. ఈ మాట బయట బోర్డు మీదా ఉంటుంది. బోర్డు మీద లేనిది మన పెద్దమ్మల తాళికి గుత్తిగా వేలాడే పిన్నీసులు. జాకెట్టు కిందుంటాయి, అడిగితే తప్ప బయటికి రావు. మెట్టెలు, ముక్కుపుడక, మొలతాడుకున్న తాయెత్తు, పళ్ల సెట్టు, తలలో పిన్నులు వరసగా అడగాలి. తాళి తీయనంటే తీయనని కూర్చున్న పెద్దమ్మకు దారానికి పసుపుకొమ్ము కట్టి మెళ్లో వేసి, బంగారాన్ని కూతురి చేతికి లెక్కపెట్టి అప్పగించి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. స్టోర్సు ఇండెంటులో పసుపుకొమ్ము అనే ఐటమే లేదు. తమరిలో అంతకన్నా లేదు.

రక్తం సంగతి క్లుప్తంగా. బ్యాగు బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ దాటాక అరగంటలో ఎక్కించడం మొదలవ్వాలి, నాలుగు గంటల్లో పూర్తవ్వాలి. బ్యాగు ముందొచ్చి కాన్యులా మూసుకుపోయి ఉంటే, లేదా అదే టైముకు పేషెంటు డయాలసిస్‌లో ఉంటే, దాత ఇచ్చిన రక్తం బల్ల మీద వేడెక్కుతూ ఉంటుంది. వార్డు ఫ్రిజ్‌లో పెడదామంటే అది ఇన్సులిన్ ఫ్రిజ్, రక్తానికి పనికిరాదు. కాబట్టి కాన్యులా చూసి, జ్వరం చూసి, పేషెంటు మంచం మీదే ఉన్నాడని చూసి, అప్పుడు మనిషిని కిందకు పంపాలి. అదీ వరస.

గుంటూరులో పరామర్శకు వచ్చేవాళ్లు వట్టి చేతులతో రారు. కొబ్బరిబొండం తెస్తారు. కిడ్నీ పేషెంటుకు బొండం ఇవ్వడం ఎంత ప్రేమో అంత ప్రమాదం. అందులో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రిపోర్టులో 6 దాటితే గుండె లయ తప్పవచ్చు. తమరి చార్టులో నీళ్లు 200, పాలు 150 అని ఉంటుంది, బొండం ఉండదు. తెచ్చిన బావమరిది అప్పటికే నరసరావుపేట బస్సెక్కి ఉంటాడు. మంచం కింద ఖాళీ బొండం చూసి లెక్క సరిచేసి, డాక్టరుకు చెప్పి, 'బాబాయి గారూ, బొండం మంచిదే, మీకు మాత్రం కాదు' అని నొచ్చుకోకుండా చెప్పి, కూతురిని పక్కకు పిలిచి మళ్లీ చెప్పడం, ఇదంతా ఏ గడిలో రాయమంటారు?

ఇక తమరి విహారయాత్రలు. తమరికి నడవడం రాదు గానీ తిరగడం బాగా వచ్చు. డిశ్చార్జ్ రోజున చూడాలి తమరి వైభవం. పదింటికి రౌండ్స్‌లో డాక్టరు గారు 'ఈరోజు ఇంటికెళ్లిపోవచ్చు' అంటారు. పది దాటి ఐదు నిమిషాలకు కొడుకు మాచర్లకు ఫోన్ చేసి కారు రమ్మంటాడు. ఆ క్షణం నుంచి ప్రతి పావుగంటకూ 'సిస్టర్, ఇంకెంతసేపు?' వాడని మందులు ఫార్మసీకి తిప్పి పంపితే గానీ బిల్లు తేలదు. రావలసిన రిపోర్టు రాకపోతే సమ్మరీ టైపవదు. టైపైన సమ్మరీ మీద సంతకం పెట్టాల్సిన పెద్దాయన థియేటర్లో ఉంటారు. క్యాష్‌లెస్ డిశ్చార్జ్‌ను ఇన్సూరెన్స్ కంపెనీ మూడు గంటల్లో తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. సంతోషం. ఆ గడియారం ఆసుపత్రి ఆఖరి బిల్లు పంపాకే తిరుగుతుంది. కొడుకు గడియారం డాక్టరు నోరు విప్పగానే తిరిగింది. మధ్య తేడాకు జవాబు చెప్పేది కౌంటరు కాదు, సిస్టర్. ప్రభుత్వ పథకం కేసైతే ఫొటోలు, అప్రూవళ్లు అదనం. ఆరోగ్యశ్రీ అన్నా ఎన్టీఆర్ వైద్య సేవ అన్నా బోర్డు మీద పేరు మారింది గానీ వార్డులో మా పరుగు మారలేదు.

ఈ లోపల మధ్యాహ్నం రెండింటి డోసు వస్తుంది. మందు పేరు తమరిలో ఉంది, తమరేమో కింద డెస్కు మీద ఉన్నారు. ఒకవేళ పై ఫ్లోర్‌లోనే ఉన్నా ఎవరో పీజీ డాక్టరు గారు నోట్సు రాసుకోవడానికి పట్టుకుపోయుంటారు.

ఇన్ని దాటాక, కారు హారన్ కొడుతుండగా, అసలు పనికి మిగిలేది ఐదు నిమిషాలు. కాన్యులా తీసి, ఆ చోట రెండు నిమిషాలు నొక్కి పట్టుకునే ఆ కాస్త టైములోనే మందులు చెప్పాలి. ఇంటి దగ్గరున్న పాత బీపీ బిళ్ల, ఇక్కడ రాసిన కొత్త బిళ్ల ఒకే టెల్మిసార్టన్, పేర్లే వేరు. రెండూ వేసుకుంటే మూడో రోజు పొద్దున బాత్రూమ్‌లో కళ్లు తిరిగి పడతారు. పాత స్ట్రిప్పు చేతిలో పెట్టించుకుని, 'ఇది ఆపండి, దీని బదులు ఇది' అని చూపించి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకోవాలి. తలూపితే సరిపోదు. మన జిల్లాలో తలూపడం మర్యాద కోసం కూడా ఉంటుంది.

ఇవన్నీ ఎంతమంది చేయాలంటారా? టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు అని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క చెప్పింది. ఆ లెక్క చదివి వార్డులో మంచాలు లెక్కపెట్టుకుంటే నవ్వొస్తుంది. ఏటా మే 12న మాత్రం లోటేమీ ఉండదు. కొవ్వొత్తి వెలిగిస్తారు, కేకు కోయిస్తారు, దేవతలంటారు. ఆ దేవత ఫోన్ చేస్తే ల్యాబులో ఎత్తితే చాలు, కేకు లేకపోయినా సర్దుకుంటాం.

ఇప్పుడు కొన్నిచోట్ల కంప్యూటర్లో తమరి తమ్ముడు వచ్చాడు. అతనిలో గళ్లు ఇంకా ఎక్కువ. ఎర్ర చుక్క ఉన్న గడి నింపకపోతే తర్వాతి పేజీకి పోనివ్వడు. మా పనికి గడి అతనూ గీయలేదు. పైగా కరెంటు పోతే అతనూ పోతాడు.

ఒకటి కోరుకుంటాం. మందుల చార్టు పక్కన వేలెడు ఖాళీ ఉంది, కంపెనీ వాళ్ల ప్రకటన వేసే చోటు. అక్కడ నాలుగు గీతలు గీయించండి: ఎవరికి ఫోన్ చేశాం, ఎన్నింటికి, ఏమన్నారు, ఏది దేని కోసం ఆగింది. నింపడం మా పూచీ.

రాత్రి ఎనిమిదికి హ్యాండోవర్. పగటి డ్యూటీ వాళ్లు బెడ్డు బెడ్డు దగ్గరా నిలబడి తమరిని తెరిచి ఒప్పజెప్పాలి. 16వ బెడ్ దగ్గర తమరు లేరు. ఇన్సూరెన్స్ డెస్కు వాళ్లు స్కానింగుకు పంపామంటున్నారు, స్కానింగు వాళ్లు వార్డుకే వచ్చేసిందంటున్నారు.

ఇట్లు,
ప్రతి పేజీలోనూ సంతకం ఉండి, ఏ పేజీలోనూ పని కనబడని
మూడో ఫ్లోర్ స్టాఫ్ నర్సులు.

తా.క.: 16వ బెడ్ షీటు దొరికింది. దుప్పటి మడతల్లో, పేషెంటు తలగడ కింద ఉంది. ఎక్స్-రే కవరనుకుని ఇంటికి తీసుకెళ్దామని పెద్దాయన భద్రంగా దాచుకున్నారట.