లాబీయింగ్: హక్కా, చాటుమాటు బేరమా?

(లాబీయింగ్ అంటే ప్రభుత్వ నిర్ణయం తమకు అనుకూలంగా ఉండేలా నేతలను, అధికారులను కలిసి ఒత్తిడి తేవడం. సందర్భం: పొగాకు ప్యాకెట్లపై 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక ఉండాలన్న కేంద్ర ప్రభుత్వ నిబంధన 2015 ఏప్రిల్ 1న అమలు కావలసి ఉండగా ఏడాది వాయిదా పడిన ఉదంతం.)

అనుకూల వాది: ఒక నిర్ణయం దెబ్బ ఎవరిమీద పడుతుందో సచివాలయంలోని అధికారికి అన్నిసార్లూ తెలియదు. ప్రకాశం జిల్లా పొగాకు రైతు అప్పు తెచ్చి బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో) ఆకు కాల్చి, బేళ్లు కట్టి వేలం కేంద్రానికి తీసుకువస్తే, వ్యాపారులు ‘నో బిడ్’ (కొనం) అన్న రోజున వాటిని తిరిగి ఇంటికి మోసుకుపోవలసిందే. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు వెయ్యి బీడీల లెక్కన కూలి. వీరి గోడు సంఘాలు, ఎంపీలు ఢిల్లీకి చేర్చకపోతే ఇంకెవరు చేరుస్తారు? పొగాకు ప్యాకెట్లపై పుర్రె గుర్తు తప్పనిసరి కాకుండా 2007లో చట్టాన్ని సవరించింది ఇలాంటి విన్నపాలు విన్నందువల్లనే.

ప్రతికూల వాది: గోడు చెప్పుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదండి. లాభం ఆశించేవారే తీర్పు చెప్పే చోట కూర్చోవడం తప్పంటున్నాను. 85 శాతం నిబంధనను పరిశీలించిన పార్లమెంటరీ కమిటీలో సభ్యుడైన అప్పటి అలహాబాద్ ఎంపీ శ్యామాచరణ్ గుప్తా స్వయంగా బీడీ వ్యాపారి. పొగాకు వల్ల క్యాన్సర్ వస్తుందని మన దేశంలో జరిగిన అధ్యయనమేదీ తేల్చలేదని కమిటీ అధ్యక్షుడు దిలీప్ గాంధీ బహిరంగంగానే అన్నారు. హెచ్చరికను 50 శాతానికి తగ్గించమని 2016 మార్చిలో ఆ కమిటీ సిఫారసు చేసింది. ఇందులో ప్రకాశం జిల్లా కొండపి పొగాకు రైతుకు ఒరిగిందేమిటి? ఆకు ధర దగ్గర అతడిని బేరమాడి తొక్కే వ్యాపారమే, ఢిల్లీకి వెళ్లేసరికి అతడి పేరు చెప్పుకుంటుంది. నోటి క్యాన్సర్‌తో దవడ తీయించుకున్న రోగి తరఫున తిరగడానికి ఏ వాణిజ్య మండలీ లేదు.

అనుకూల వాది: వైద్యులు తిరిగారు కదా! ఆ సిఫారసు వచ్చినా, 2016 ఏప్రిల్ 1 నుంచి 85 శాతం హెచ్చరికే అమలైంది. సమాచార హక్కు కోసం 1996లో రాజస్థాన్‌లోని బ్యావర్‌లో ధర్నాకు కూర్చున్నవారు 2005లో చట్టం వచ్చేదాకా ప్రభుత్వాలపై ఒత్తిడి తెస్తూనే ఉన్నారు. ఆ లెక్కన అదీ లాబీయింగే.

ప్రతికూల వాది: బ్యావర్ ధర్నా నడివీధిలో జరిగింది, ఎవరు, ఏమి అడుగుతున్నారో దారిన పోయేవారికి కూడా తెలుసు. మంత్రి గదిలో జరిగే మాట అలా తెలియదు.

అనుకూల వాది: అయితే నిషేధం కాదు, లాబీయింగ్ చేసేవారి నమోదు కావాలి. 2008 నుంచి లాబీయింగ్‌కు సుమారు 2.5 కోట్ల డాలర్లు ఖర్చు చేశామనీ, భారత మార్కెట్ ప్రవేశం కూడా అందులో ఒక అంశమనీ చిల్లర వ్యాపార సంస్థ వాల్‌మార్ట్ అమెరికా సెనేట్‌కు సమర్పించిన పత్రాలే 2012లో మన పార్లమెంటును కుదిపేశాయి. అమెరికాలో లాబీయింగ్ వివరాలు వెల్లడించాలన్న 1995 నాటి చట్టం ఉంది కాబట్టి ఆ లెక్క బయటపడింది. మనకు అటువంటి చట్టం లేదు.

ప్రతికూల వాది: నమోదుకు నేనూ ఒప్పుకుంటాను, కానీ అది చాలదు. ముసాయిదా చట్టాలను 30 రోజులపాటు ప్రజల ముందుంచాలని 2014లో కేంద్రం విధానమైతే చేసింది గానీ, దానిని చట్టం చేయలేదు. ఆ ముసాయిదా తెలుగులో రైతు చేతికి అందాలి. సభ్యుడికి వ్యాపార ప్రయోజనముంటే, ఎవరో అభ్యంతరం చెప్పేదాకా ఆగకుండా అతడిని ఆ విచారణకు దూరంగా ఉంచాలి. ఈ రెండూ జరిగేదాకా, ఢిల్లీలో మాట చెల్లేది విమానం టికెట్ కొనగలవారికే.