సవరణ: రెండున్నర వైరు, 24 ఆంపియర్ల లెక్క

నల్లగొండలో కొత్త ఇళ్ల వైరింగ్ గురించి పోయినసారి రాసినప్పుడు 2.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల మందం) రాగి వైరు 24 ఆంపియర్లు మోస్తుందని ఇచ్చాను. ఆ అంకెకు షరతులున్నాయి. మామూలు పీవీసీ వైరు, పైపులో ఒక్కటే సర్క్యూట్, చుట్టూ 30 డిగ్రీలు ఉంటేనే ఆ లెక్క.

మన దగ్గర మే నెలలో 30 ఎక్కడిది? మధ్యాహ్నమంతా కాగిన శ్లాబు రాత్రి పదింటికి కూడా చల్లారదు, ఏసీలన్నీ ఆన్ అయ్యేది సరిగ్గా అప్పుడే. వేడి పెరిగేకొద్దీ వైరు మోయగల కరెంటు తగ్గుతుంది. శ్లాబులోని పైపులో 50 డిగ్రీలు అనుకుంటే 0.71తో గుణించాలి. 24 కాస్తా 17 అవుతుంది. మూడు బెడ్‌రూముల ఏసీ వైర్లూ ఒకే పైపులో లాగారా, ఒకదాన్నొకటి వేడెక్కిస్తాయి కాబట్టి మళ్లీ 0.70తో గుణించాలి. మిగిలేది 12 లోపే.

ఒకటిన్నర టన్ను ఏసీ ఏడెనిమిది ఆంపియర్లే తీసుకుంటుంది కాబట్టి రోజూ నడిచిపోతుంది. అసలు టెన్షన్ బోర్డులోని 20 ఆంపియర్ల ఎంసీబీతోనే, అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయే స్విచ్‌తోనే. వైరు తట్టుకోలేని 15 ఆంపియర్లు గంటల తరబడి పారినా అది పడదు. ఏసీకి విడి పైపు వేసి 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టండి. మందం వైరు కన్నా నా ఓటు దీనికే.

పైపులో ఎన్ని సర్క్యూట్లున్నాయో లెక్కేసేటప్పుడు ఎర్త్ వైరును కలపక్కర్లేదు. గీజర్ వైరును కూడా, మేలో ఎవరూ వేయరు కదా. వైరు మీద ఎఫ్‌ఆర్ అని ఉంటే మంట తొందరగా పాకదని అర్థం, ఎక్కువ కరెంటు మోస్తుందని కాదు.