ప్రశ్న చివరిదాకా ఎవరెళ్తారండీ!

మన తెలుగు ప్రశ్నలో ఏం చేయాలో చెప్పే మాట చిట్టచివర ఉంటుంది. పిల్లల పెన్ను మాత్రం మొదటి మాట దగ్గరే బయల్దేరిపోతుంది. పదో తరగతి సోషల్ పేపర్లు దిద్దేవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ‘ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక డెల్టాలో సేద్యం ఎలా మారింది?’ అని అడిగితే, కాటన్ దొర 1803 మే 15న పుట్టారని మొదలుపెడతారు. 1852లో ఆనకట్ట పూర్తయ్యేసరికి పేజీ కూడా పూర్తవుతుంది. సేద్యం జోలికి ఎవరూ పోరు. ‘మీ అభిప్రాయం రాయండి’ అంటే ఒకమ్మాయి ‘పాఠ్యపుస్తకం అభిప్రాయమే నా అభిప్రాయం’ అని రాసింది. ‘ఏవైనా రెండు’ అంటే నాలుగూ రాసేసి, మంచివి మనల్నే ఏరుకోమంటారు.

మొన్న ప్రీఫైనల్‌లో ‘గోదావరి, కృష్ణా నదులను పోల్చండి’ అని ఇచ్చాను. నాలుగు మార్కులు. మాది కోనసీమ, అది మర్చిపోకండి. ఒకడు గోదారిని త్ర్యంబకేశ్వర్‌లో పుట్టించి 1,465 కిలోమీటర్లూ నడిపించాడు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి... ఏ ఉపనదినీ చిన్నబుచ్చలేదు. భద్రాచలంలో దర్శనం, పాపికొండల్లో లాంచీ, రాజమండ్రిలో పుష్కరాలు, మధ్యలో పులస పులుసు కూడా. మూడో అడిషనల్ చివర్లో సముద్రంలో కలిపాడు. అప్పటికి గంట కొట్టేశారేమో, ‘కృష్ణా నది కూడా ఇలాగే ఉంటుంది’ అని ముగించాడు.

అర మార్కు వేశాను. మర్నాడు వాళ్ల నాన్న దిగారు.

“ఏం మాస్టారూ, మూడు అడిషనల్స్ రాస్తే అర మార్కాండీ?”

“ముందు ప్రశ్న చదవండి.”

“గోదావరి...” అని చదివి తలెత్తారు. “గోదారి గురించే కదండీ రాశాడు!”

“చివరిదాకా చదవండి.”

చదివారు. “ఆ పోల్చండన్నదేదో ముందే వేయొచ్చు కదండీ.”

వ్యాకరణం మార్చే అధికారం నాకు లేదన్నాను. రెండు నదులూ మహారాష్ట్రలో పడమటి కనుమల్లోనే పుడతాయి, రెండూ తూర్పుకే పారతాయి, పొడవులో గోదారిదే పైచేయి, ఇలా పక్కపక్కన పెట్టి రాయాలని చెప్పాను. ఆయ్, ఆయ్ అంటూ విన్నారు.

“మరి ఆ అర మార్కయినా దేనికేశారండీ?”

“కృష్ణా కూడా ఇలాగే అన్నాడుగా. మూడు షీట్లలో పోలికంటూ ఉంటే అదొక్కటే.”

ఆయన వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నారు.

“అయితే మాస్టారూ, ఆ ముక్కే ఎనిమిదిసార్లు రాసుంటే నాలుక్కి నాలుగూ వచ్చేసేవాండీ?”